నల్లాకాడి ముచ్చట్ల గృహప్రవేశం

"బ్యాచిలరా?"

ఇస్నాపూర్‌లో నాకు ఎదురైన మొదటి ప్రశ్న అదే. అడిగిన అమ్మాయి మెట్ల మీద, చూరు కింద, పొడిగా నిలబడి ఉంది. నేను గేటు బయట వానలో ఉన్నాను.

"అవును," అన్నాను. అబద్ధం ఎందుకు?

"ఏ కంపెనీ?"

"పేజీమేడ."

"అదెక్కడుంది? పాశమైలారంలనా?"

"కాదండి, మాదాపూర్‌ల."

"మాదాపూర్‌ల కొలువు పెట్టుకొని ఇస్నాపూర్‌ల గది ఎందుకు? ఏమన్న కేసున్నదా మీ మీద?"

"లేదండి!"

"తాగుతరా?"

"తాగను."

"తాగేటోళ్లంత గట్లనే అంటరు. సరే, వినున్రి. నల్లా పొద్దుగాల ఐదింటికి ఇడుస్తరు. బిందె లైన్ల పెట్టాలె. ఎవని బిందె ముందుంటే వానివే నీళ్లు, కొట్లాటలు నడువయి. ఫ్రెండ్స్ వస్తే చెప్పాలె. మీదికెక్కి బట్టలారేసుడు బంద్. అడ్వాన్స్ రెండు నెల్లది."

"నాకు గది వద్దండి. నేను సత్యశ్రీ గారి కోసం వచ్చిన."

అమ్మాయి ఒక మెట్టు కిందికి దిగింది. "సత్యశ్రీ కోసమా? ఏం పని?"

"జెర పర్సనల్."

ఈ మాట అనకుండా ఉండాల్సింది. ఆమె వెనక్కి తిరిగి ఇంట్లోకి కేక పెట్టింది. "బాపూ! ఎవడో నా కోసం వచ్చిండట. పర్సనల్ అట!"

వాళ్ల నాన్న యాదన్న గారు బయటికి వచ్చారు. చేతిలో గొడుగు ఉంది, మడిచి ఉంది. వానలోకి గొడుగు మడిచి పట్టుకొని వచ్చే మనిషి నన్ను తడవకుండా కాపాడ్డానికి రావడం లేదని నాకు అర్థమైపోయింది.

"నల్లాకాడి ముచ్చట్లు!" అని అరిచాను. "బ్లాగు! బ్లాగు గురించి మెయిల్ పెట్టిన! మహేంద్రను! మాది సంగారెడ్డే సార్!"

గొడుగు ఆగింది. తర్వాత మెల్లగా తెరుచుకుంది.

"మెయిల్ పెట్టిన మహేంద్రనా?" అంది సత్యశ్రీ. "ఫొటోల గడ్డముండె కద?"

"పొద్దున తీసేసిన."

"ఎందుకు?"

"మీటింగ్ కద అని."

ఆమె నవ్వింది. చున్నీ అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగేదాకా నవ్వింది. దాచేదేముంది, నా పని అక్కడే అయిపోయింది. మిగతా కథంతా ఆ వార్త ఆమెకు చేరడానికి పట్టిన కాలం మాత్రమే.

నల్లాకాడి ముచ్చట్లు అంటే తెలియనివాళ్లకు చెబుతాను. యాదన్న గారింట్లో మీద వాళ్ల కాపురం, కింద వరుసగా కిరాయి గదులు, నడుమ వాకిట్లో ఒకే ఒక నల్లా, అంటే కుళాయి. చుట్టుపక్కల కంపెనీల్లో మూడు షిఫ్టుల్లో పనిచేసేవాళ్లంతా పొద్దున్నే ఆ నల్లా దగ్గర బిందెలు పెట్టుకొని నిలబడతారు. నిలబడినవాళ్లు ఊరుకోరు కదా. ఒడిశా పిల్లవాడు జొన్నరొట్టె నేర్చుకున్న సంగతి, బిందె దగ్గర మొదలైన కొట్లాట వియ్యంలో ముగిసిన సంగతి, అన్నీ అక్కడే వినబడతాయి. సత్యశ్రీ సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తుంది. విన్నవన్నీ విన్నట్టే, ఇక్కడి మాటలోనే రాసి నెట్‌లో పెడుతుంది. రెండు రాష్ట్రాలవాళ్లు చదువుతారు, కింద కామెంట్లు రాసేది మాత్రం ఆ వాకిలివాళ్లే. నేను ఆఫీసు బస్సులో చదువుతూ దిగాల్సిన స్టాపు దాటిపోయినవాణ్ని.

పేజీమేడలో నా ఉద్యోగం బ్లాగులను తీసుకొచ్చి మా ప్రచురణ వేదిక మీద పెట్టడం. ఉచిత జాగాల్లో రాసుకునేవాళ్లను పిలిచి, శుభ్రమైన పేజీలిచ్చి, పైసలిచ్చి, ఏడాది చివర్లో పుస్తకం వేస్తాం. సత్యశ్రీ బ్లాగు ఉన్న పాత జాగా ఘోరంగా తయారైంది. కంటనీరు తెప్పించే ముచ్చట నడుమ బట్టతల నూనె ప్రకటన వచ్చేది. చదివేవాళ్లు పెరిగితే పేజీ తెరుచుకునేది కాదు.

మీద చాయ్ తాగుతూ ఇదంతా చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"పైసలిస్తరు, పుస్తకమేస్తరు, మంచిదే. కని ఒక్కటున్నది." ఫోన్‌లో బ్లాగు తెరిచి, కథ దాటి కిందికి జరిపింది. "మీదున్నది నేను రాసిన. అది సగమే. కింద వీళ్లు రాసిన కామెంట్లున్నయి చూడున్రి, మిగిలిన సగం అదే. ఈమె జైతూన్ బీ. నల్లా పక్కన గదిల మిషిన్ కుడ్తది. తెలుగు అక్షరాలు రాకుండె. నా బ్లాగు చదువనీకే నేర్చుకున్నది. మొదటిసారి ఆమె రాసిన వాక్యం ఇదే."

చదివాను. 'నేను జైతూన్ బీ. ఇది నేనే రాసిన.' అని ఉంది.

"ఆ దినం ఆమె ఏడ్సింది, నేనేడ్సిన. మా అమ్మ ఎందుకో తెల్వకుండనే ఏడ్సింది. ఈ కామెంట్లు రాకుంటే నేను రాను. పుస్తకం వద్దు, పైసలు వద్దు."

"ఒక్క కామెంట్ పోయినా నా పేరు మహేంద్ర కాదు."

"మరేం పేరు పెట్టాలె?"

"మీ ఇష్టం."

చాయ్ కప్పులు తీసుకెళ్లడానికి వచ్చిన ఆమె తల్లి ముత్యమ్మ గారు అక్కడే ఆగారు. "ఏంది, ఎవరు ఎక్కడికి మారుతున్రు?"

"మనం కాదమ్మా," అంది సత్యశ్రీ. "నా రాతలు ఇన్నొద్దులు పరాయి జాగల ఉన్నయి. ఇప్పుడు మంచి ఇంట్లకు మారుస్తరట."

"ఎప్పుడు?"

"వచ్చే సోమవారం," అన్నాను హుషారుగా.

ముత్యమ్మ గారు నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. "ఆషాఢంలనా? ఆషాఢంల ఇల్లు మారుతరా బిడ్డా ఎవరన్న? మీ ఇంట్ల పెద్దోళ్లు లేరా?"

ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారు. ఆఫీసులో కూడా ఉన్నారు. మెట్ల కింద నిలబడి మా ఎడిటర్ సునంద మేడంకు ఫోన్ చేశాను.

"బ్లాగుకు ఆషాఢం ఏమిటి మహేంద్రా?"

"గృహప్రవేశం అంటున్నారు మేడం."

"ఎవరి గృహం?"

"మనదే మేడం."

అటు నుంచి క్యాలెండర్ తిప్పిన చప్పుడు. తర్వాత, "ఆ అమ్మాయి బాగుంటుందా?" అన్నారు.

"మేడం!"

"శ్రావణం మొదటి శుక్రవారం. అది దాటితే నిన్ను ఖాళీ చేయిస్తాను."

అలా ఆషాఢమంతా నాకు దొరికింది. కొత్త జంటలను విడదీసే నెల అని దానికి చెడ్డపేరు. నా విషయంలో మాత్రం ప్రతి ఆదివారం ఇస్నాపూర్ పంపించింది.

పని లేదని కాదు. మా సాఫ్ట్‌వేర్‌కు ఒక జబ్బుంది, తెలుగు కనిపిస్తే దిద్దుతుంది. 'గట్లెట్లైతది' అని రాసిన చోటల్లా 'అలా ఎలా అవుతుంది' అని మార్చేసింది. కింది గదిలో ఉండే శ్రీశైలం, నారాయణఖేడ్ మనిషి, ఫర్నేస్ దగ్గర రాత్రి షిఫ్టు చేస్తాడు. అతని మాటలన్నీ వార్తలు చదువుతున్నట్టు తయారయ్యాయి.

"మా శ్రీశైలం కాక గిట్ల మాట్లాడుతడా? ఈ మాటలు నోట్ల పెడ్తే పండ్లూడుతయి ఆయనకు!"

"దిద్దుడు బంద్ చేస్త."

"జల్దీ చెయ్యి."

'చెయ్యి' అంది. 'చెయ్యున్రి' అనలేదు. ఆ రోజు మాదాపూర్ దాకా ట్రాఫిక్ ఉందో లేదో నాకు గుర్తు లేదు.

ఇంకో చిక్కు వరసలతో వచ్చింది. ఆ వాకిట్లో అందరూ యాదన్నను కాకా, అంటే చిన్నాన్న, అంటారు; ముత్యమ్మను చిన్నమ్మ అంటారు. నేను కూడా ఆ వరస కలిపితే సత్యశ్రీ నాకు చెల్లెలైపోతుంది. అందుకని పళ్లు బిగపట్టి 'సార్', 'మేడం' అంటూ వచ్చాను. ముత్యమ్మ గారు ఒకసారి అడగనే అడిగారు, "మేడమేంది బిడ్డా, నేనేమన్న స్కూల్ల చెప్తున్ననా?" అని. ఆఫీసు పద్ధతి అని తప్పించుకున్నాను. సత్యశ్రీ ఆ పూట లాప్‌టాప్ తెరలో ఏదో వెతుకుతూ తల ఎత్తలేదు. ఆమె చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

కింది గదుల ముందు వరండాలో కూర్చునేవాళ్లం. వాన ఒకవైపు నుంచి జల్లు కొడితే నా కుర్చీ ఇటు జరిపేవాణ్ని. రెండోవైపు నుంచి కొడితే ఆమె అటు జరిపేది. వానకు మా మీద దయ కలిగి ఒక్కోసారి రెండువైపుల నుంచీ కొట్టేది. నల్లా పక్కన వరండా స్తంభం మేకుకు ఒక పాత టాబ్ గొలుసుతో వేలాడుతూ ఉండేది. నీళ్ల కోసం వచ్చినవాళ్లు దాన్ని వేలితో నొక్కుతుంటే, నల్లా టైమింగులు చూసుకుంటున్నారు కాబోలు అనుకున్నాను. ఆదివారాలు నేను చూడాల్సింది వేరే ఉండటం వల్ల దాని సంగతి పట్టించుకోలేదు.

శ్రావణ శుక్రవారం రానే వచ్చింది. సత్యశ్రీ సెలవు పెట్టింది. ముత్యమ్మ గారు వరండాలో పీట వేసి, ముగ్గు పెట్టి, దాని మీద నా లాప్‌టాప్ పెట్టించారు. మూతకు పసుపు రాశారు. తెర పైన బొట్టు పెట్టారు, సరిగ్గా కెమెరా మీద. పక్కన చిన్న స్టవ్ మీద పాలగిన్నె ఉంది. పాలు పొంగిన క్షణంలో నేను మీట నొక్కాలని ఒప్పందం.

"పొంగుతున్నయ్, పొంగుతున్నయ్... నొక్కు బిడ్డా!"

నొక్కాను. కొత్త పేజీ తెరుచుకుంది. తెల్లని పేజీ మీద నల్లాకాడి ముచ్చట్లు అని పెద్ద అక్షరాలు, కింద సత్యశ్రీ అని పేరు. వాకిలంతా చప్పట్లు. ముత్యమ్మ గారు అందరికీ పరమాన్నం పెట్టారు. నేను పరమాన్నం తింటూ సత్యశ్రీ మొహం చూస్తున్నాను. ఆమె తన పేరు వంక చూసుకుంటోంది. అంత సంతోషంగా ఉన్న మనిషిని అంతకుముందు నేను చూడలేదు.

అదే సమయంలో ముత్యమ్మ గారు కూతురితో అన్నారు, "కొత్తింట్ల పాలు పొంగినంక పాతింట్ల దీపం ఉండొద్దు. రెండిండ్లల్ల కాలు పెట్టినోళ్లు ఏ ఇంట్ల నిలువరు. ఊడ్చి తాళమేసి రా."

పాత బ్లాగును ఒక నెల అలాగే ఉంచమని మా మెయిల్‌లో రాసి ఉంటుంది. తల్లి మాట ముందు మెయిల్ ఎంత? సత్యశ్రీ ఫోన్ తీసి పాత బ్లాగును చెరిపేసింది. మేం పరమాన్నం రెండోసారి పెట్టించుకున్నాం.

అప్పుడు జైతూన్ బీ కళ్లద్దాలు తుడుచుకుంటూ వచ్చింది. "బేటా, నాది ఏది? నేను రాసింది చూపెట్టు."

సత్యశ్రీ పేజీ కిందికి జరిపింది. ఇంకా జరిపింది. కథ అయిపోయింది, కింద తెల్లగా ఉంది. వేరే కథ తెరిచింది. అక్కడా తెల్లగానే ఉంది. ఒక మూల చిన్న అక్షరాలతో 'కామెంట్లు: 0' అని రాసి ఉంది.

"లోడ్ అవుతున్నయేమో," అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

లోడ్ కాలేదు. సత్యశ్రీ నా వైపు తిరిగింది. ఆమె అరిచి ఉంటే బాగుండేది. "ఒక్కటి పోయినా మహేంద్ర కాదన్నవ్ కద," అంది నెమ్మదిగా. "ఇప్పుడేం పేరు పెట్టాలె నీకు?" కళ్లలో నీళ్లు తిరిగాయి.

లాప్‌టాప్ ముందు కూలబడి మా యంత్రం రాసుకున్న కారణం వెతికాను. దొరికింది. కామెంట్లన్నీ రోబో రాసినవని తేల్చి చెత్తబుట్టలో వేసింది. రోజూ తెల్లారేసరికి, ఒకే చోటు నుంచి, ఒకే పేరుతో గుంపులు గుంపులుగా వచ్చాయట. ఆ పేరు చదివి తలెత్తాను.

"వరండా అంటే ఎవరు?"

అందరూ నల్లా పక్కన మేకు వైపు చూశారు.

"వరండా ఎవరేంది? మా వరండనే," అంది సత్యశ్రీ. "గా టాబ్‌కు పెట్టిన పేరు అది. నీళ్లకు నిలవడ్డోళ్లు అందరు దాంట్లనే చదువుతరు, దాంట్లనే రాస్తరు. కింద ఎవరి పేరు వాళ్లు పెడ్తరు."

"నాకు చెప్పలేదే!"

"నువ్వు అడుగలేదే!"

ఇద్దరిదీ నిజమే. ఆ వాకిట్లో పుట్టి పెరిగిన అమ్మాయికి అందులో చెప్పాల్సిన వింతేమీ కనబడదు. మాదాపూర్‌లో తలకొక ఫోన్, ఫోన్‌కొక పేరు పెట్టుకుని బతికేవాడికి అడగాలని తోచదు.

సునంద మేడం వెంటనే మా భద్రతా విభాగంతో మాట్లాడారు. చెత్తబుట్ట సాయంత్రం ఆరింటికి దానంతటదే ఖాళీ అవుతుంది. దాని తాళం నా దగ్గర ఉండదు. పాత ఇంటి నుంచి తెచ్చిన ఫైలు దింపుకోగానే చెరిపేయడం మా కంపెనీ పద్ధతి, అదీ పోయింది. ఇక ఉన్న దారి ఒక్కటే. పేరు పెట్టిన ప్రతి మనిషి తన సొంత ఫోన్ నంబరు ఇచ్చి, దానికి వచ్చిన కోడ్ చెప్పాలి. అప్పుడు ఆ మనిషి కామెంట్లు బుట్టలోంచి బయటికొస్తాయి. ఒక నంబరుకు ఒకే మనిషి.

సత్యశ్రీ కళ్లు తుడుచుకుంది. వేళ్ల మీద షిఫ్టులు లెక్కపెట్టింది. "సెకండ్ షిఫ్టోళ్లు ఇంట్లున్నరు. నైటోళ్లు పన్నరు, లేపుదాం. ఫస్ట్ షిఫ్టోళ్ల ఫోన్లు కంపెనీ గేట్ల కాడ ఉంటయి, రెండింటికి ఇడుస్తరు. లే. ఇంక కూసున్నవేంది?"

మొదట శ్రీశైలం గది తలుపు కొట్టాం. లుంగీ సర్దుకుంటూ, కళ్లు నులుముకుంటూ వచ్చాడు. "ఏంది లొల్లి?"

"కాకా, నువ్వు మనిషివని రుజువు చెయ్యాలె," అంది సత్యశ్రీ.

"మా ఇంటామె రోజు గదే అడుగుతది," అని ఫోన్ తీసిచ్చాడు.

వాకిలి అయిపోయింది. స్కూటీ తీసింది. "నేను నడుపుత. నువ్వు లాప్‌టాప్ పట్టుకో. అది తడిస్తే చంపుత."

"నేను తడిస్తే?"

"ఆరుతవ్."

ఒక రెయిన్‌కోట్ ఉంటే లాప్‌టాప్‌కు తొడిగాం. పాశమైలారంలో ఒక గేటు ముందు షిఫ్టు విడిచేసరికి నిలబడ్డాం. జనం ఏరులా బయటికొచ్చారు, ఒక్కొక్కరూ అరల్లోంచి ఫోన్లు తీసుకుంటున్నారు. సత్యశ్రీ డివైడర్ ఎక్కి అరిచింది. "నల్లాకాడోళ్లంత ఇటు రాండ్రి! మీ కామెంట్లు పోతున్నయి!"

సెక్యూరిటీ ఆయన యూనియన్ గొడవేమో అనుకుని విజిల్ వేశాడు. విషయం తెలిశాక తన ఫోన్ కూడా తీశాడు. ఆయన మూడేళ్ల కింద యాదన్న గారి గదిలో ఉన్నవాడేనట. అక్కడి నుంచి ఇంకో గేటు, అక్కడి నుంచి పటాన్‌చెరు. జొన్నరొట్టె నేర్చుకుని ఒడిశా వెళ్లిపోయిన పిల్లవాడికి ఫోన్ చేస్తే పొలంలో ఉన్నాడు. "కోడ్ బోల్ భాయ్, జల్దీ!" అని సత్యశ్రీ, "పెహలే బతావ్, నల్లా మే పానీ ఆతా?" అని, ముందు నల్లా నీళ్ల సంగతి చెప్పమని అతను.

పటాన్‌చెరులో వాన కళ్లు తెరవనివ్వలేదు. మూసిన ఒక షాపు ముందు ఆగాం. ఆమె జడ పిండుకుంటోంది.

"కోపం ఇంక తగ్గలే," అంది.

"తెలుస్తుంది."

"ఎట్ల?"

"బ్రేకులు కొట్టుడు చూస్తే."

నవ్వు వస్తే ఆపుకుని మొహం తిప్పుకుంది. ఆ తడిసిన మొహం చూస్తూ ఇక ఆగలేకపోయాను. "సత్యశ్రీ, నీ బ్లాగు మా మేడకు రాకున్నా మంచిదే. నేను మాత్రం నీ దగ్గరికి వస్తనే ఉంట. నువ్వంటే నాకు ప్రాణం."

సరిగ్గా అప్పుడే ఒక కంటైనర్ లారీ, పటాన్‌చెరు అంతా వినబడేలా హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఏమన్నవ్?"

ధైర్యం రెండోసారి రాలేదు. "బండి తీ అన్న."

ఆమె నన్ను ఒక్క క్షణం చూసి బండి తీసింది. ఈసారి గతుకులు వచ్చిన చోట మెల్లగా నడిపింది.

తిరిగొచ్చేసరికి వాకిట్లో అందరూ లాప్‌టాప్ కోసం ఎదురుచూస్తున్నారు. ఒక్కో పేరూ బయటికొస్తోంది, పేజీ కింద తెలుపు నిండుతోంది. ఒక్క జైతూన్ బీ మాత్రం మిగిలిపోయింది. ఆమెకు ఫోన్ లేదు.

"నాకు ఫోనెందుకు బేటా?" అంది బెదురుగా. "మాట్లాడేటోళ్లంత ఇక్కడనే ఉన్నరు కద."

"నా నంబరు పెట్టు," అన్నారు యాదన్న గారు. అది ఆయన కామెంట్లకే అయిపోయింది. ముత్యమ్మ గారి నంబరు కూడా అయిపోయింది. ఆమె మారుపేరుతో ఎవరికీ తెలియకుండా చాలా రాశారు, అన్నీ కూతురి వంట మీద.

సత్యశ్రీ జైతూన్ బీ చెయ్యి పట్టుకుని కూర్చుంది. "ఈమె మాట రాకుంటే నాకెవ్వరివి వచ్చినా రానట్టే," అంది. ఆరు కావస్తోంది. మేడంకు మళ్లీ ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి బతిమాలాను. భద్రతా విభాగం ఆయన కూడా లైన్‌లోకి వచ్చాడు. కాసేపు గొణిగి, చివరికి ఒప్పుకున్నాడు. ఆమె ఇప్పుడే, కొత్త పేజీలో, సొంతంగా ఏదైనా రాయాలి. యంత్రానికి తెలిసే వీలు లేనిదై ఉండాలి. చదివి ఆయన తీర్పు చెబుతాడు.

జైతూన్ బీ టాబ్ ఒళ్లో పెట్టుకుంది. "ఎవ్వరు చూడొద్దు," అని అందరినీ దూరం తోలింది. ఒక్క వేలితో రాసింది. ఆగి ఆలోచించింది. మధ్యలో ఒకసారి నన్ను చూసింది, ఒకసారి సత్యశ్రీని చూసింది. మళ్లీ రాసి, గట్టిగా ఒక నొక్కు నొక్కింది.

యాదన్న గారు లాప్‌టాప్ దగ్గరికి జరిగి పైకి చదవడం మొదలుపెట్టారు.

"'నేను జైతూన్ బీ. మనిషిని. మిషిన్‌కు తెల్వని ముచ్చట చెప్త. ఆదివారం ఒక పోరడు వస్తడు. లాప్‌టాప్ తెరుస్తడు. నేను రెండు జాకెట్లు కుట్టేదాక ఒక్కటే పేజీ ఉంటది. చదివితే కద మారనీకే.'"

ఎవరో కిసుక్కుమన్నారు. యాదన్న గారి గొంతు నెమ్మదించింది.

"'సత్యశ్రీ కంపెనీకి పొయ్యేటప్పుడు కాటుక పెట్టదు. ఆదివారం ఇంట్లనే ఉంటది, పెడ్తది. పోరడు చూస్తడు. పిల్ల చూడనట్టు చేస్తది. వాడు తల దించంగనే చూస్తది. వాన పడ్తే ఇద్దరి కుర్సీలు దగ్గరికొస్తయి. వాన ఆగినంక దూరం పోవు. నాకు తెలుగు కొత్తగ వచ్చింది. కని ఇది చదువుడు ఎప్పటి సందో వచ్చు.'"

వాకిట్లో అందరి తలలూ నా వైపు తిరిగాయి. ఇది ఇంట్లో మాట కూడా కాదు. కొత్త పేజీలో, రెండు రాష్ట్రాల జనం ముందు ఉంది. నేను భూమి వైపు చూశాను, చోటిస్తుందేమో అని.

స్పీకర్‌లోంచి సునంద మేడం దగ్గారు. "మహేంద్రా, భద్రతా విభాగం ఒప్పుకుంది. ఆయన నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. బుట్ట తెరిచేశాం."

తెర మీద జైతూన్ బీ మాటలు ఒక్కొక్కటే పైకి తేలాయి. అన్నిటికంటే అడుగున, మొట్టమొదటిది, ఆమె మొదటి వాక్యం కూడా వచ్చింది. సత్యశ్రీ ఆమెను గట్టిగా వాటేసుకుంది. ఇద్దరూ ఏడ్చారు. ముత్యమ్మ గారు ఈసారి ఎందుకో తెలిసే ఏడ్చారు.

యాదన్న గారు కళ్లద్దాలు తీసి నా వైపు చూశారు. "గీ రాసింది నిజమేనా?"

చుట్టూ లారీ ఏదీ లేదు. "నిజమే సార్. మీ బిడ్డంటే నాకు ప్రాణం. పొద్దున ఆమె కండ్లల్ల నీళ్లు చూసినంక నా ఉద్యోగం గుర్తుకు రాలేదు, ఆమెనే గుర్తుకొచ్చింది. పెండ్లంటూ చేసుకుంటే ఆమెనే చేసుకుంట. ఆమెకు ఇష్టమైతేనే."

"పోరడు వాననక ఎండనక గేట్లు పట్టుకొని తిరిగిండయ్యా," అన్నారు ముత్యమ్మ గారు భర్తతో. "ఇంకేం పరీక్ష పెడ్తవ్?" తర్వాత నాతో, "సంగారెడ్డి ఎంత దూరం బిడ్డా? వచ్చే ఆదివారం మీ అమ్మను నాయినను తోల్కరా. ఖాళీ చేతులతోని వచ్చినా మంచిదే, ఆకలితోని రమ్మను."

యాదన్న గారు తల ఊపారు. "నేనొక్కన్నే ఒప్పుకుంటే అయితదా? పిల్ల చెప్పాలె."

అందరూ సత్యశ్రీ వైపు తిరిగారు. ఆమె జైతూన్ బీ ఒళ్లోంచి టాబ్ తీసుకుంది.

"రాసింది జైతూన్ బీ," అంది. "జవాబు ఆమెకే రాస్త."

రాయడానికి ఎంతోసేపు పట్టలేదు. నాకు మాత్రం ఆషాఢం మొత్తం మళ్లీ గడిచినట్టనిపించింది. ఆమె నొక్కగానే యాదన్న గారు కళ్లద్దాలు పెట్టుకుని, గొంతు సవరించుకుని చదివారు.

"'జైతూన్ బీ, చూడనట్టు చేసుడు ఇయ్యాల్టి నుంచి బంద్.'"

వాకిలి గోలెత్తిపోయింది. శ్రీశైలం ఈల వేశాడు. సత్యశ్రీ టాబ్ పక్కన పెట్టి, తల ఎత్తి, అమ్మానాన్నల ముందు, కిరాయివాళ్లందరి ముందు నన్ను సూటిగా చూసింది. ఎంతసేపైనా చూపు తిప్పుకోలేదు.

సిగ్గుతో తల దించుకున్నది నేనే.